పాల దగ్గర మొదలయ్యే పంచాయితీ

పోయిన నెల ఈ శీర్షికలో పాలూ పెరుగూ లేకుండా పండగ వంట ఎలా చెయ్యచ్చో రాశాం కదా, దానికొచ్చిన ఉత్తరాల్లో వంట గురించి అడిగినవాళ్ళు కొద్దిమందే, మిగతావన్నీ గొడవలే. వాట్సాప్ గ్రూపుల్లో, ఇళ్ళల్లో, పెళ్లి భోజనాల దగ్గర శాకాహారులూ వీగన్లూ ఒకళ్ళనొకళ్ళు అనుకుంటున్న మాటలు చూస్తే, మాంసం తినేవాళ్ళతో కూడా వీళ్ళు ఇంతగా కొట్టుకోరేమో అనిపించింది. (తెలియనివాళ్ళ కోసం: వీగన్లంటే మాంసం, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసినవాళ్ళు, తోలూ పట్టూ కూడా వాడరు.) అందుకని ఈ నెల మొత్తం ఇవే. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: అక్కా, ముగ్గురం కలిసి శాకాహార వంటల వాట్సాప్ గ్రూపు ఒకటి నడుపుతున్నాం. మొదట్లో అందరం శాకాహారులమే, తర్వాత వీగన్లు చేరారు, బాగానే సాగింది. మొన్న ఉగాదికి ఒకావిడ నేతి బొబ్బట్ల ఫోటో పెడితే ఒకబ్బాయి "ఈ నెయ్యి కోసం ఎన్ని దూడలు ఆకలితో చచ్చాయో తెలుసా ఆంటీ" అని పెట్టాడు. అంతే, రాత్రి రెండింటి దాకా యుద్ధమే. ఆవిడ ఎగ్జిట్ అయిపోయింది, ఆవిడతో పాటు చక్కగా వండి పెట్టేవాళ్ళు ఇంకొంతమంది పోయారు. ఆ అబ్బాయిని తీసేద్దామంటే "వాడు చెప్పింది అబద్ధమైతే కాదుగా" అంటాడు ఇంకో అడ్మిన్. ఏం రూల్స్ పెట్టుకోవాలి? (కూకట్‌పల్లి)

జవాబు: రూల్స్ సంగతి తర్వాత, ముందు ఇది ఎందుకింత మండుతుందో చూద్దాం. శాకాహార కుటుంబంలో పుట్టిన మనిషికి చిన్నప్పట్నుంచే ఒక కుర్చీ వేసి ఉంటుంది, "మనం ఏ ప్రాణికీ హాని చెయ్యం" అనే కుర్చీ. ఇంట్లోవాళ్ళు, బళ్ళో పంతుళ్ళు, పక్కింటివాళ్ళు, అందరూ "అబ్బ, గుడ్డు కూడా ముట్టరట" అని మెచ్చుకుంటూ ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు. వీగన్ వచ్చి మొదటి మాటలోనే లేవమంటాడు. మాంసం తినేవాడికి ఈ మాట అంత గట్టిగా తగలదు, ఎందుకంటే వాడికి ఆ కుర్చీ ఎవరూ ఎప్పుడూ వెయ్యలేదు. అందుకే బొబ్బట్లావిడకి అంత కోపం వచ్చింది, అది నెయ్యి గురించిన కోపం కాదు.

అటు అబ్బాయి సంగతి. మీ రెండో అడ్మిన్ అన్నట్టు అతను చెప్పిన దాంట్లో విషయం ఉంది. గేదె పాలివ్వాలంటే ఈనాలి, ఈనితే సగం సార్లు మగదూడ పుడుతుంది, ఇప్పుడు దున్నేది ట్రాక్టరు కాబట్టి ఆ దూడని మేపి ఏం చేసుకుంటామని అడుగుతాడు రైతు. ఇది ఊళ్ళో గేదెలున్న ఎవర్నడిగినా చెప్తారు, దాచిపెట్టేదేం లేదు. కానీ విషయం నిజమైనంత మాత్రాన పండగ పూట ఒకరి పళ్ళెం ఫోటో కింద పెట్టచ్చని కాదు కదా. పైగా ఆ చివర్న "ఆంటీ" ఒకటి! ఆ ఒక్క మాటతోనే ఆవిడ చెవులు మూసుకుపోయుంటాయి, ఆ తర్వాత దూడ గురించి ఏం రాసినా వినపడదు.

ఇప్పుడు రూల్స్. పది పాయింట్లతో పెద్ద మెసేజ్ రాసి గ్రూపు వివరాల్లో అతికించి ఊరుకోకండి, ఎవరూ చదవరు. ఒక్కటి తేల్చుకోండి చాలు, ఈ గ్రూపు వండుకోడానికా, వాదించుకోడానికా? వండుకోడానికే అయితే వంటకం కింద వచ్చే మాటలు వంట గురించే ఉండాలి. "నెయ్యి బదులు నువ్వులనూనెతో కాలిస్తే ఎలా ఉంటుందండీ, ఎవరైనా చేశారా?" అని అదే అబ్బాయి అడిగుంటే, ఆవిడే పెనం మీద వేసి ఫోటో పెట్టి ఉండేదేమో! వీగనిజానికి అంతకంటే మంచి ప్రచారం ఇంకేం ఉంటుంది చెప్పండి. వాదించుకోవాలనుకునేవాళ్ళకి పక్కన ఇంకో గ్రూపు పెట్టండి, వాట్సాప్‌లో ఇప్పుడు కమ్యూనిటీ అని పెట్టుకుని ఒకదాని కింద నాలుగైదు గ్రూపులు నడపచ్చు. ఇష్టమైనవాళ్ళే అందులో చేరతారు, డెయిరీల వీడియోలూ కబేళాల వీడియోలూ అక్కడే, అవి కూడా పైన "చూడలేనివాళ్ళు తెరవకండి" అని రాశాకే. మధ్యాన్నం అన్నం తింటూ ఫోన్ తీసిన మనిషికి అది ఎదురుపడకూడదు.

వంటకం పెట్టేవాళ్ళు కూడా మొదటి లైన్లోనే "పాలున్నాయి" అనో "వీగన్" అనో రాసేస్తే సరిపోతుంది, వీగన్లు మొత్తం చదివి చివర్లో చెంచాడు నెయ్యి చూసి ఉసూరుమనక్కర్లేదు. నిజానికి మన వంటల్లో చాలావరకు ఎవరూ పేరు పెట్టకుండానే వీగన్: పులిహోర, పెసరట్టు, గోంగూర పచ్చడి, ఆవకాయ, సకినాలు, సర్వపిండి, జొన్నరొట్టె, నూనె తాలింపు పెట్టిన ఏ పప్పైనా సరే. ఇది తెలిశాక చాలామంది శాకాహారుల బిగువు కాస్త సడలుతుంది.

ఇక ఆ అబ్బాయిని తీసెయ్యకండి, కానీ గ్రూపులో అందరిముందూ తిట్టకండి కూడా. ఫోన్ చేసి మాట్లాడండి. పాలు మానేసిన కొత్తలో చాలామందికి ఇలాంటి ఆవేశం ఉంటుంది, ఇంట్లో వినేవాళ్ళుండరు, అది గ్రూపులో కక్కుతారు, మనిషి దొరికితే చల్లబడతారు. అడ్మిన్‌కి ఎవరి మెసేజైనా అందరికీ కనపడకుండా డిలీట్ చేసే సౌకర్యం ఉంది కదా, అది వాడండి, కానీ ఎందుకు తీశారో ఆ మనిషికి విడిగా ఒక్క లైను రాయండి, లేకపోతే "మా నోరు నొక్కేశారు" అని ఇంకో గొడవ. రాత్రి పదకొండు దాటాక మాటలు ముదురుతుంటే "అడ్మిన్లు మాత్రమే రాయగలరు" అనే సెట్టింగ్ పెట్టి పడుకోండి, పొద్దున్న కాఫీ (ఏ పాలతో అయినా!) తాగాక తెరవండి. మీ ముగ్గురు అడ్మిన్లలో ఒక్క వీగనైనా ఉన్నారా? లేకపోతే ముందు అది చూడండి. పాలు తాగే ముగ్గురు కూర్చుని పాల గురించి తీర్పు చెప్తే ఎవరు ఒప్పుకుంటారు?

ప్రశ్న: బిస్కెట్ ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంది కాబట్టి వీగనే అని ఒకరు, కాదని ఇంకొకరు, మూడు రోజులుగా ఇదే. తేల్చండి. (నెల్లూరు)

జవాబు: ఇది తేలిపోయే గొడవ కాబట్టి నాకిష్టం. పచ్చ చుక్క అంటే శాకాహారం అని మాత్రమే, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రూల్స్‌లో పాలూ పాల పదార్థాలూ శాకాహారం కిందికే వస్తాయి. మాంసాహారానికి ఇదివరకు గోధుమరంగు చుక్క ఉండేది, రంగులు సరిగ్గా గుర్తుపట్టలేనివాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తున్నాయని 2020 రూల్స్‌లో దాన్ని త్రికోణం చేశారు. వీగన్‌కి వేరే గుర్తు, ఆకుపచ్చ రంగులో ఇంగ్లీషు "వి" అక్షరంతో ఉంటుంది, దానికి 2022లో విడిగా నిబంధనలొచ్చాయి. ఆ గుర్తు లేకపోయినా వస్తువు వీగన్ అయ్యుండచ్చు, ప్యాకెట్ తిప్పి వెనకాల చిన్నక్షరాల్లో చూడండి, మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసీన్ (మూడూ పాల నుంచి తీసేవే) ఉంటే కాదు. కిందే అలర్జీల లైన్లో "కంటెయిన్స్ మిల్క్" అని కూడా ఉంటుంది. "మే కంటెయిన్ మిల్క్" అని ఉంటే అదే ఫ్యాక్టరీలో పాల వస్తువులు కూడా చేస్తారు, అణువంత కలిస్తే కలవచ్చు అని అర్థం, దాని గురించి ఇంకొకర్ని నిలదియ్యకండి, ఎవరిష్టం వాళ్ళది.

స్వీట్ల మీద వెండిరేకు సంగతి కూడా ఎవరో అడిగారు. పూర్వం పశువుల పేగుల పొరల మధ్య పెట్టి కొట్టేవాళ్ళు, 2016లో జంతువులకి సంబంధించిన ఏ పదార్థమూ దాని తయారీలో వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ పెట్టింది. ఇలాంటివాటికి గ్రూపులో ఒకటే పద్ధతి పెట్టుకోండి, అభిప్రాయం కాదు, ప్యాకెట్ వెనక వైపు ఫోటో పెట్టాలి. మూడు రోజుల గొడవ మూడు నిమిషాల్లో అయిపోతుంది.

ప్రశ్న: అక్కా నేను వీగన్ అయ్యి చాలాకాలమైంది. అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయని, నీరసంగా ఉందని గ్రూపులో రాస్తే, వీగన్లు "నెగెటివ్ ప్రచారం చెయ్యకు" అన్నారు, శాకాహారులు "మేం ముందే చెప్పాంగా, గ్లాసు మజ్జిగ తాగు" అన్నారు. రెండు పక్కలా తిట్లే. (విశాఖపట్నం)

జవాబు: ఫోన్ పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికెళ్ళండి, విటమిన్ బి12 పరీక్ష చేయించండి. తిమ్మిర్లకి షుగర్ నుంచి నరాల ఒత్తిడి దాకా వేరే కారణాలు కూడా ఉంటాయి కాబట్టి ఇదే అని నేను చెప్పను, కానీ పాలు కూడా మానేసి బి12 టాబ్లెట్ వేసుకోనివాళ్ళల్లో మొదట అనుమానించాల్సింది దాన్నే. ఈ విటమిన్‌ని మొక్కలూ తయారుచెయ్యవు, జంతువులూ తయారుచెయ్యవు, బాక్టీరియా చేస్తుంది, జంతువుల ఒంట్లో చేరి అక్కణ్ణుంచి మనకొస్తుంది. మనకి కావలసింది ఎంతో కాదు, రోజుకి 2 మైక్రోగ్రాముల పైన కాస్త, హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క అది. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి మానేసిన వెంటనే ఏం తెలీదు, ఏళ్ళు గడిచాక బయటపడుతుంది, అప్పటికి "ఇన్నాళ్ళూ బానే ఉన్నాగా" అన్న ధీమా వచ్చేసుంటుంది. స్పిరులినా (నీళ్ళల్లో పెరిగే నాచులాంటిది) తింటే చాలన్నది నమ్మకండి, అందులో ఉండేది చాలావరకు మన ఒంటికి పనికిరాని రకం. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తం బానే ఉన్నట్టు కనిపించి లోపల నరాలు దెబ్బతింటూనే ఉండచ్చు, అదింకా ప్రమాదం. బి12 టాబ్లెట్లు తయారయ్యేది బాక్టీరియాతోనే కాబట్టి వీగన్లకి ఇబ్బందేం లేదు, క్యాప్సూల్ అయితే పైతొడుగు జెలటిన్‌దా (జంతువుల ఎముకలూ తోలూ నుంచి తీసేది) కాదా చూసుకోవాలి.

మజ్జిగ తాగమన్నవాళ్ళకో మాట. పాలల్లో బి12 ఉంటుంది కానీ తక్కువ, పాలూ పెరుగూ తినే శాకాహారుల్లో కూడా ఈ లోపం మన దేశంలో మామూలే. వాళ్ళు కూడా ఓసారి పరీక్ష చేయించుకుంటే మంచిది, "మేం ముందే చెప్పాం" అనడం ఆపి.

మీ అడ్మిన్‌కి ఇది చూపించండి: ఒంట్లో బాలేదని రాసిన మనిషికి గ్రూపులో రావాల్సిన జవాబు "పరీక్ష చేయించారా, డాక్టర్ ఏమన్నారో చెప్పండి, మాకూ పనికొస్తుంది" అని, అంతే. డోసులు చెప్పడం వద్దు, ఉద్యమం పరువు పోతుందని నోరు మూయించడం అసలే వద్దు. ఇలా మూయించిన చోటల్లా జనం చెప్పకుండా మానేస్తారు, ఒకరోజు చెప్పకుండానే చికెన్‌కి వెళ్ళిపోతారు.

ప్రశ్న: మాది మాంసం తినే ఇల్లు, పెద్దకూర కూడా. చదువుకునేటప్పుడు నేను అన్నీ మానేశాను, జంతువుల మీద ఇష్టంతో. ఇప్పుడు శాకాహారుల గ్రూపులో ఉంటే "మా ఇళ్ళల్లో తరతరాలుగా ముట్టం", "వాళ్ళ తిండి అలాంటిది, బుద్ధులూ అంతే" అని మాటలు. అది మా అమ్మానాన్నల గురించి. వీగన్ గ్రూపులో కూడా కొంతమంది ఇంతే. బయటికొచ్చేయ్యాలా? (వరంగల్)

జవాబు: మీరెందుకు రావాలండీ, ఆ మాటలన్నవాళ్ళు రావాలి.

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన దగ్గర శాకాహారం గురించి మర్యాదగా మాట్లాడుకోవాలంటే ఈ కులం సంగతి దాటేసి వెళ్ళడం కుదరదు. 2014లో కేంద్రం చేసిన ఎస్ఆర్ఎస్ (శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్, జనన మరణాల లెక్కలు తీసేది) బేస్‌లైన్ సర్వేలో 15 ఏళ్ళు దాటినవాళ్ళని అడిగితే తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ 100కి 98 మందికి పైగా మాంసాహారులమనే చెప్పారు, దేశం మొత్తం మీద తెలంగాణదే పైచేయి. అంటే శాకాహారులు ఇక్కడ గుప్పెడుమంది. ఆ గుప్పెడుమందిలో చాలామందికి అది పుట్టుకతో వచ్చింది, ఎంచుకున్నది కాదు. దాంతో పాటే మడి, ఎంగిలి, "శాకాహారులకు మాత్రమే ఇల్లు అద్దెకు" బోర్డులూ వచ్చాయి. ఆ బోర్డు చదివినవాళ్ళకెవరికైనా తెలుసు అందులో అడిగింది కూర గురించి కాదని.

వీగన్ వాదం దీనికి సరిగ్గా అడ్డం తిరగాల్సింది. అందులో శుచీ అశుచీ లేదు, జంతువుకి నొప్పి కలుగుతుందా లేదా అన్నదొక్కటే లెక్క, ఆ లెక్కన తరతరాలుగా నేతి గిన్నె ముందు పెట్టుకున్న ఇల్లు పండక్కి కోడి కోసుకున్న ఇంటికంటే ఎక్కువేం కాదు. కానీ మనవాళ్ళు కొంతమంది వీగన్ అయ్యాక కూడా పాత మడిని కొత్త పేరుతో కట్టుకుంటారు. "ఛీ, శవాలు తింటారు" అనే మాటలో జంతువు మీద జాలి ఎంత, తినేవాళ్ళ మీద అసహ్యం ఎంత, మీరే చూడండి. పెద్దకూర తినే ఇళ్ళల్లో అది చవకగా దొరికే బలమైన తిండి, దాని కోసం మాటలు పడ్డవాళ్ళూ దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ పిల్లలొచ్చి గ్రూపులో కూర్చున్నప్పుడు ఆ మాట ఎలా వినిపిస్తుందో అడ్మిన్‌కి తెలిసి ఉండాలి.

అడ్మిన్లకి: వంటకం కింద గొడవపడితే నచ్చజెప్పండి, ఇంకో అవకాశం ఇవ్వండి. కులం మీద, పుట్టుక మీద, ఇంట్లోవాళ్ళ తిండి మీద మాటొస్తే నచ్చజెప్పడాలు లేవు, మెసేజ్ తీసెయ్యండి, మనిషినీ తీసెయ్యండి. "సరదాకన్నాను" అంటారు, అననివ్వండి. బోనాలప్పుడూ కనుమకీ కూడా కాస్త కనిపెట్టి ఉండాలి, ఆ రోజుల్లో "మూఢులు, రాక్షసులు" అని రాసేవాళ్ళు తప్పకుండా తేల్తారు. కనుమ అసలు పశువుల పండగ, పొద్దున్నే ఎడ్లని కడిగి కొమ్ములకి రంగులేసి దండలేస్తారు, మధ్యాన్నం చాలా ఇళ్ళల్లో గారెలూ కోడికూరా. ఆ రోజు జంతువుల గురించి ఏదైనా చెప్పాలనుకునే వీగన్ ఆ పొద్దుటి పూట గురించి రాస్తే ఎంత బావుంటుంది, ఎవరి ఇంటినీ తిట్టకుండానే విషయం చెప్పినట్టవుతుంది.

మీరు మాత్రం ఉండండి, మీ ఇంటి సంగతి చెప్పాలనిపిస్తే చెప్పండి, చెప్పాలని లేకపోతే ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, వీగన్ అయ్యింది. మొన్న వచ్చినప్పుడు తిరుపతి లడ్డూ ఇస్తే కళ్ళకద్దుకుని, నెయ్యి ఉంటుందని పక్కన పెట్టింది. మా బావగారు "ప్రసాదాన్ని కాదంటుందా" అని ఫ్యామిలీ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టారు. వచ్చే మాఘమాసంలో పెళ్లి, పట్టుచీర కూడా కట్టనంటోంది. ఏం చెయ్యాలో పాలుపోవట్లేదు. (రాజమండ్రి)

జవాబు: కళ్ళకద్దుకుంది కదమ్మా, అక్కడితో అయిపోయింది. షుగర్ ఉన్న పెద్దాయన లడ్డూ కళ్ళకద్దుకుని మనవడికిస్తే ఎవరైనా ఏమన్నా అంటారా? బావగారికి గ్రూపులో జవాబు రాయకండి, మీవారి చేత ఫోన్ చేయించండి, అన్నదమ్ముల మాట వేరుగా ఉంటుంది. అమ్మాయికీ చెప్పండి, పెదనాన్నకి డెయిరీ వీడియోలు పంపొద్దని.

పట్టు సంగతికి దారుంది. మామూలు పట్టుకి గూడు లోపల పురుగుండగానే వేడినీళ్ళలో ఉడికించి దారం తీస్తారు, అందుకే అమ్మాయి వద్దంటోంది. హైదరాబాద్‌లో, చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు పురుగు రెక్కలొచ్చి బయటికెళ్ళిపోయాక గూటి నుంచి దారం వడికే పద్ధతి తెచ్చారు, అహింసా పట్టు అంటారు. గూడు తెగి ఉంటుంది కాబట్టి దారం ఒకటే పోగుగా రాదు, మెరుపు కాస్త తక్కువ, ధర ఎక్కువ. కొందరు వీగన్లు దీన్ని కూడా ఒప్పుకోరు, కాబట్టి కొనేముందు అమ్మాయిని అడగండి. కాదంటే జరీ అంచు కాటన్ చీరలు ఎన్ని లేవు!

ప్రశ్న: నా గ్రూపులో ఎవరో ఏదో రాస్తే అడ్మిన్‌గా నామీద కేసు పెడతారా? (గుంటూరు)

జవాబు: అడ్మిన్ అయినంత మాత్రాన ఇంకొకరు రాసినదానికి నేరం మీ మీద పడదని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచీ, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అయితే మీరే ఫార్వర్డ్ చేసినా, వంతపాడినా సంగతి వేరు. కులాల మధ్య, మతాల మధ్య పగలు రెచ్చగొట్టే రాతలకి భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ ఉంది. చూసిన వెంటనే తీసెయ్యండి, తీసేముందు స్క్రీన్‌షాట్ ఒకటి దాచుకోండి.

ప్రశ్న: మా గ్రూపులో ఒకాయన రోజూ "మొక్కలకి మాత్రం ప్రాణం లేదా" అంటాడు. ఆయన మాంసం తింటాడు. తీసేద్దామా? (కరీంనగర్)

జవాబు: ఒక్కసారి జవాబు రాసి పైన పిన్ చెయ్యండి: మొక్కలు స్పందిస్తాయని జగదీశ్ చంద్ర బోస్ వందేళ్ళ కిందటే చూపించారు, కానీ వాటికి మెదడూ నరాలూ లేవు, ఒకవేళ మొక్క గురించే బాధ అనుకున్నా, కోడికీ మేకకీ మేత వేసి పెంచి తినడానికి ఇంకా ఎక్కువ మొక్కలు పోతాయి. మళ్ళీ అడిగితే పిన్ చూపించండి, వాదించకండి. తీసెయ్యడం ఎందుకు, ఆయన శనివారాలు మానేస్తాడేమో, కార్తీకమాసమంతా మానేస్తాడేమో, ఆ నెలంతా ఏం వండాలో తెలియక ఇంట్లోవాళ్ళు మీ గ్రూపులోనే వెతుక్కుంటారు.

ప్రశ్న: గొడవలు సరే గానీ, పాలు లేకుండా పెరుగు ఎలా తోడుపెట్టాలి? (ఖమ్మం)

జవాబు: హమ్మయ్య, ఒకరైనా అడిగారు. కప్పుడు పచ్చి వేరుశెనగ గింజలు రాత్రి నానబెట్టి పొద్దున్న పొట్టు పిసికి తీసెయ్యండి, మూడు కప్పుల నీళ్ళతో మెత్తగా రుబ్బి పల్చటి బట్టలో వడకట్టండి. ఆ పాలని సన్నమంట మీద కలుపుతూనే కాచండి, వదిలేస్తే అడుగంటుతుంది. గోరువెచ్చగా అయ్యాక ఐదారు పచ్చిమిరపకాయల తొడిమలు తుంచి అందులో వేసి మూతపెట్టండి, తొడిమలకుండే బాక్టీరియాతోనే తోడుకుంటుంది. మొదటిసారి పల్చగా, కాస్త వాసనగా ఉంటుంది, అది చూసి పారబొయ్యకండి, అందులోంచి చెంచాడు తీసి మర్నాటి పాలకి తోడు వెయ్యండి, అప్పుడు గట్టిగా వస్తుంది. ఉప్పేసి, అల్లం, కరివేపాకు తాలింపు పెడితే దద్దోజనానికి బావుంటుంది. మజ్జిగపులుసుకి మాత్రం ఎక్కువసేపు మరిగించకండి, విరుగుతుంది.